ఎనిమిదిలా కనపడ్డ నాలుగు

ముందు ఆ పసుపు దీపం సంగతి

ఇప్పుడొస్తన్న పెద్ద కార్లలో డ్రైవరు కళ్లముందు ఒక పసుపు దీపం వెలుగుద్ది. గుర్రపు నాడాలాగుంటాది, మధ్యలో నిలువు గీత, గీత కింద చుక్క. చక్రంలో గాలి తగ్గిందని చెప్పడానికి అది. మా చెల్లెలి అల్లుడు మా బెంగాలీ ఊళ్లోనే, ఇందా అనీ బజారు దాటినాక కొత్తగా టైర్ల షాపు పెట్టినాడు. మొన్న నన్ను తీసుకెల్లి కూర్చోబెట్టినాడు. ఒక పెద్ద కారొచ్చింది. దీపం వెలిగుంది. అల్లుడు లోపలికి వంగి ఏదో మీట నొక్కినాడు, దీపం ఆరిపోయింది, కారు ఎలిపోయింది.

"ఏటి చేసినావయ్యా?"

"దీపం ఆర్పీసినాను అత్తా."

"గాలి చూసినావేటి?"

"వాళ్లు తొందరలో ఉన్నారత్తా."

ఇల్లు కాలతంటే పొగ కనపడకుండా కిటికీ మూసినట్టుంది నీ పని, అని అరిచినాను. నా గొంతు మీకు తెల్దు. రైలింజను పక్కన నిలబడి మాట్లాడి మాట్లాడి ఇలా అయిపోయింది. బజారంతా తిరిగి చూసింది. అల్లుడు సిగ్గుపడి, "అయితే నీకు తెలిసిందంతా చెప్పత్తా, రాసుకుంటాం" అన్నాడు. అందుకే చెప్తన్నాను. నాకు రాత రాదు. అంకెలొచ్చు, నా పేరొచ్చు. మా చెల్లెలి కూతురు రాస్తంది. నేను తిట్టిన చోట తిట్టు తీసీవద్దని చెప్పినాను.

దీపం వెలిగితే బేజారవకండి. బ్రేకు మీద ఎగిరి దూకకండి. మెల్లగా పక్కకి తియ్యండి. దిగండి. నాలుగు చక్రాలూ చూడండి, ఒకటి కాదు. పూర్తిగా కూర్చుండిపోయిన చక్రం మీద బండి నడిపితే టైరు నలిగి పేలికైపోద్ది, స్టెప్నీ ఎయ్యండి. కాసింత తగ్గితే, దగ్గర్లో గాలి కొట్టించండి, బండి చల్లారినాక మళ్లీ కొలవండి. ఎన్ని పౌన్లు కొట్టాలన్నది డ్రైవరు తలుపు తీస్తే కాగితం అంటించుంటాది. చలికాలం పొద్దున్నే వెలిగి మధ్యాహ్నం ఆరిపోతే, గాలి చలికి ముడుచుకుందన్నమాట. అయినా కొలవండి. దీపం ముందు మినుకు మినుకుమని తరవాత నిలబడితే, రోగం చక్రానిది కాదు, ఆ కొలిచే యంత్రానిది. ఇవన్నీ అల్లుడే చదివి చెప్పినాడు, నేను బుర్రలో పెట్టుకున్నాను. తెలిసి కూడా మీట నొక్కినాడు చూడండి!

కానీ పసుపు దీపం లేని రోజుల్లో మాకు గాలి ఎవులు చెప్పీవారు? అదే నేను చెప్పాల్సింది.

కర్రతో కొట్టి వినడం

మా ఆయన టైరు పంక్చర్లు వేసేవాడు. ఇందా రోడ్డు మీద నిమాయ్ మిస్త్రీ అని ఒక బెంగాలీ ఆయన షాపుండేది, అందులో పని. ఎనబయ్యో సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఆయన జొరమొచ్చి మూడు రోజుల్లో పోయినాడు. పదకొండో రోజు అయ్యింది, పన్నెండో రోజు నేను షాపు ముందు నిలబడ్డాను.

మిస్త్రీ నన్ను చూసినాడు. "ఏటి కావాల తేలెంగీ?" తెలుగోళ్లని వాళ్లు అలాగే పిలుస్తారు, కోపం లేదు.

"పని కావాల దాదా."

"ఆడది టైరు ఇప్పుద్దా?"

"మా ఆయన రాత్రి ఇంటికొచ్చి చెయ్యి నొప్పనీవాడు, ఏటి చేసినావని అడిగితే టైరు ఇప్పే లీవరు పట్టి చూపించీవాడు. ఎలా ఇప్పాలో నాకు తెలుసు."

ఒక పాత టైరు నా మీదకి దొర్లించినాడు. ఇప్పినాను. ట్యూబు తీసినాను. నీళ్ల తొట్టిలో ముంచి బుడగ చూసినాను. ప్యాచీ వేసినాను. ఆయన చూసి చూసి, "గాలి నువ్వు ముట్టుకోకు. మిగతాది చెయ్యి" అన్నాడు. సంవత్సరం పాటు గాలి కొలిచే గేజీ నా చేతికివ్వలేదు. మంచి పనోడు. నోరు మాత్రం మురుక్కాలవ. రోజూ పదకొండు దాటితే రెండు గంటల సేపు స్నానానికీ, నిద్రకీ ఇంటికెలిపోయీవాడు, షాపు దేవుడికొదిలేసి. ఈ మాట ఆయన బతికుండగానే మొకం మీద అన్నాను, కాబట్టి ఇప్పుడనడానికి తప్పు లేదు.

కానీ ఆయన నాకు నేర్పింది ఇంకెవులూ నేర్పలేదు. ఒక సన్న కర్ర ఉండేది. దాంతో టైరు మీద కొట్టీవాడు. గాలి తక్కువుంటే దబ్బుమని మెత్తగా వస్తాది. సరిగ్గా ఉంటే టంగుమని తిరిగి చేతికి తగులుద్ది. ఎక్కువైతే చిన్న గంట కొట్టినట్టు ఠింగుమంటాది. "చెవితో చూడు, తరవాత గేజీతో కొలువు," అనీవాడు. ఆరు నెల్లకి నాకు ఆ మూడు చప్పుళ్లూ పట్టుబడ్డాయి. అయ్యబాబోయ్, ఆ సంతోషం! రోడ్డు మీద పోతన్న లారీ చక్రం చప్పుడు విని, వెనక ఎడమది తక్కువుందని అరిచీదాన్ని. డ్రైవరు దిగి చూసి తల గోక్కునీవాడు. మొగుడు పోయిన ఆడదానికి సంతోషమేటి అన్నోళ్లున్నారు. అందరికీ వినపడేలాగ నవ్వీదాన్ని.

ఇంకోటి చెప్పినాడు మిస్త్రీ. చాలాసార్లు చెప్పినాడు. రాసింది చూసి గాలి కొట్టకు, నోటితో అడిగి కొట్టు. రాతకి ఒక భాష, నోటికి ఒక భాష. ఇది నేను వినలేదు. ఇదే నా తప్పు.

యంత్రం వచ్చింది

అంకెలు నేను బళ్లో నేర్చుకోలేదు. మా నాన్న రైల్వే ఖలాసీ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినాడు. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని లైను పక్కన నిలబెట్టీవాడు. గూడ్సు బండి డబ్బాల మీద తెల్ల రంగుతో రాసిన అంకెలు, ఒక్కొక్కటి నా అంత ఎత్తుంటాయి. ఒకటి, రెండు, ఎనిమిది అని ఆయన చెప్పడం, నేను అరవడం. అలాగొచ్చినాయి అంకెలు. చదువు లేనోళ్లకి తెలిసిన ఆ కాసింత మీద ఎంత పొగరుంటాదో మీకు తెల్దు. నాకు అంతుండేది.

అప్పటిదాకా గాలంటే చేతి పంపు. కిందకి మీదకి తోసి తోసి, భుజాలు మండిపోతే ఆపాల. ఆ పంపులో ఒక మంచి గుణముంది. ఒక హద్దు దాటితే చెయ్యి కిందకి దిగదు. నీ బలమే నిన్ను ఆపుద్ది. తరవాత మిస్త్రీ కరెంటు కంప్రెసరు కొన్నాడు. మీట నొక్కితే దడదడలాడుతూ ఎంతంటే అంత గాలి. దానికి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టినాం. నేను పక్క షాపులోళ్లందరినీ పిలిచి చూపించినాను, నేనే కన్నట్టు.

వారం తిరక్కుండా ఒక జీపొచ్చింది. ఎండాకాలం, పదకొండు దాటింది. మిస్త్రీ స్నానానికి ఎలిపోయినాడు. జీపు డ్రైవరు హరేన్ అని, సాలువా వైపు పల్లెటూరి బెంగాలీ. కిరాయికి తిప్పుతాడు.

"దీదీ, వెనక రెండింటికీ హవా కొట్టు. లేఖా ఆఛే," అన్నాడు. రాసుందన్నమాట.

"ఎక్కడికి కిరాయి?"

"ఆసుపత్రికెల్లి, అక్కడినుంచి ఇంటికి దింపాల. మీ తెలుగోళ్లే. సాలువాలో సిపాయిల కాంపు ముందు కిరాణా షాపోళ్లు. బాలింత, పది రోజుల పిల్ల, ఇంటిల్లిపాదీ, సామాను. అందుకే వెనకది గట్టిగా ఉండాల." అనీసి టీ తాగడానికి రోడ్డు దాటినాడు.

వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో అంకె రాసుంది. చూసినాను. పైన ఒక సున్న, కింద ఒక సున్న, అంటుకుని. పక్కన ఇంకో సున్న. ఎనబై. జీపుకి ఎనబై ఏటి, లారీకి గదా అంత, అని ఒక్క నిమిషం ఆగినాను. రోడ్డు అవతల హరేన్ కనపడతన్నాడు. ఒక్క కేకేస్తే సరిపోయీది. ఎయ్యలేదు. ఇంటిల్లిపాదీ ఎక్కుతారన్నాడు గదా, అందుకే కామోసు అనుకున్నాను. నాకు అంకెలొచ్చు గదా, అడగడమేటి!

మీట నొక్కినాను. యంత్రం దడదడలాడింది. ఎనబై కొట్టినాను, రెండింటికీ. కర్రతో కొడితే ఠింగుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. తెలిసి కూడా, రాసుంది గదా అని నా చెవికి నేనే సర్ది చెప్పినాను.

హరేన్ వచ్చి ఎక్కినాడు, జీపు ఎలిపోయింది.

మాలతీ దీదీ వేలు

మా పక్క షాపు మాలతీ దీదీది. పాన్లు కడుతాది. ఒక అరగంట తరవాత వచ్చింది. మా షాపు గోడకి కాళీమాత బొమ్మున్న కేలండరుంది, మందుల షాపోళ్లు ఇచ్చింది, బెంగాలీలో. బొమ్మ కోసం తగిలించినాం, నేను చదివిందెప్పుడు!

"కిరసనాయిలు ఆరో తేదీ ఇస్తారంట," అని గోడ దగ్గరికెల్లి వేలు పెట్టింది. "ఆజ్ చార్ తారిఖ్. ఇంకా రెండ్రోజులు."

వేలు ఎక్కడుందో చూసినాను. పైన ఒక సున్న, కింద ఒక సున్న.

"దీదీ, అది ఎనిమిది గదా?"

"దూర్ పాగ్లీ! ఎటా తో చార్!" పిచ్చిదానా, అది నాలుగు గదా అని నవ్వింది. "ఎనిమిది ఇదిగో," అని కింద వరసలో ఇంకో దాని మీద వేలు పెట్టింది. అది వంకర కొక్కెంలాగుంది. నేను పుట్టినకాడినుంచీ చూసిన ఎనిమిది కాదు.

వాళ్ల నాలుగు మన ఎనిమిదిలాగుంటాదని నాకు ఆ రోజు తెలిసింది. నలబై. హరేన్ రాసుకుంది నలబై. నేను కొట్టింది ఎనబై. ఎండలో రోడ్డు కాలతంది. టైరు వేడెక్కే కొద్దీ లోపల గాలి ఇంకా ఉబ్బుద్ది. వెనక చక్రం పైనే బెంచీ. బెంచీ మీద బాలింత. ఒళ్లో పది రోజుల పిల్ల.

గేజీ చేతిలోకి లాక్కున్నాను.

"దీదీ, షాపు చూడు!"

ప్యాచీ వేసి పెట్టిన సైకిలుంది, ప్రేమ్ బజార్లో గది తీసుకుని చదువుకుంటన్న ఒక బాబుది. మగోళ్ల సైకిలు, అడ్డంగా రాడ్డుంది. కుచ్చిళ్లు పైకి దోపినాను, గేజీ బొడ్లో పెట్టినాను, రాడ్డు మీంచి కాలేసినాను. వెనకనుంచి మాలతీ దీదీ, "ఓ మా! ఏ కీ!" అని అరుస్తంది. ఇందా బజారు మొత్తం నా పిక్కలు చూసింది. చూడనీ!

ఆసుపత్రికెల్తే లాభం లేదు, ఈపాటికి బయల్దేరుంటారు. సాలువాకి ఎలా ఎల్లినా ప్రేమ్ బజారు దాటాల. అటే తొక్కినాను. రైలు గేటు దగ్గరికొచ్చేసరికి గేటు పడిపోయింది. గూడ్సు బండి. మెల్లగా, పెళ్లి నడక నడుస్తంది. డబ్బా మీద డబ్బా, తెల్ల రంగు అంకెలు, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. మా నాన్న చూపించిన అంకెలే. ఒక్కొక్కటీ నన్ను ఎక్కిరిస్తంది. గేటు కింద దూరుదామని కాలు ముందుకేసినాను. గేటు కాపలా ఆయన ఈలేసినాడు.

"ఏయ్ మౌసీ! చావాలనుందా?"

"చచ్చీది నేను కాదు దాదా, గేటు తియ్యి!"

"బండి నా మాట వింటాదేటి?"

బండి ఎల్లింది. గేటు సగం లేచేసరికి నేను అవతలున్నాను.

ప్రేమ్ బజార్లో జాంపళ్లమ్మే ఆవిడ దగ్గర ఆగినాను. "హరేన్ జీపు చూసినావా? బాలింతతో?" ఇంకా రాలేదంది. ఊపిరొచ్చింది. కానీ బజార్లో రెండు తోవలున్నాయి, ఎటొస్తాడో తెల్దు. రెండూ కలిసి సాలువా రోడ్డయ్యే చోటికెల్లి నిలబడాల. తొక్కినాను. అక్కడ ఇళ్లు లేవు, యూకలిప్టస్ చెట్లు, ఎర్ర మట్టి, ఎండ. నిలబడ్డాను.

ఎదురు

జీపు కనపడింది. కప్పలాగ ఎగురుతూ వస్తంది. గట్టి చక్రం అలాగే ఎగురుద్ది, లోపలోళ్లు రోడ్డు బాగోలేదనుకుంటారు. రోడ్డు పక్కనుంచి రెండు చేతులూ ఊపినాను.

హరేన్ నన్ను పోల్చుకోలేదు. తల బయటకి పెట్టి, "జాయ్‌గా నేయ్, జాయ్‌గా నేయ్!" అని అరిచినాడు. చోటు లేదంట. సవారీ కోసం ఆపుతన్నాననుకున్నాడు! హారను మోగిస్తూ వచ్చీస్తన్నాడు.

అప్పుడు నా బుర్రకి తట్టింది. లోపలున్నది తెలుగోళ్లు. బాలింతని ఇంటికి తీసుకెల్తన్నారు. శుభమైన ప్రయాణం. మా వాళ్లకి ఎదురెవులొస్తే బండి ఆగుద్ది?

సైకిలు పక్కన పడేసినాను. రోడ్డు నడిమధ్యకెల్లినాను. బొట్టు లేని మొకం, గాజుల్లేని చేతులు, బాగా కనపడేలాగ రెండూ పైకెత్తి, జీపుకెదురుగా నడుస్తూ, నా గొంతంతా పెట్టి అరిచినాను.

"విధవరాలు ఎదురొస్తంది! సూసుకోండి! విధవరాలు ఎదురొస్తంది!"

జీపులోంచి ముసలావిడ గొంతు, నా గొంతుకి తీసిపోదు, "ఆపరా! ఓరి నీ జిమ్మడ, ఆపు! ఎదురు బాగులేదు! పసిగుడ్డుతో ఎల్తన్నాం, ఆపరా!"

హరేన్‌కి తెలుగు రాదు. కానీ ముసలావిడ వెనకనుంచి అతని చొక్కా కాలరు పట్టుకు లాగింది. జీపు నాకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

ముసలావిడ దిగింది. బాలింతకి అత్త. "ఎవులే నువ్వు? పనిలేదేటి నీకు? ఎండలో రోడ్డు మధ్యకొచ్చి శకునం సెడగొడతావా?"

"తిట్టమ్మా, తరవాత తిట్టు. ముందు పిల్లని దించు. అందరూ దిగండి. చక్రాల దగ్గర ఎవులూ నిలబడకండి."

హరేన్ నన్ను పోల్చుకున్నాడు. "దీదీ? నువ్వా? ఏటైంది?"

"నీ నలబైని ఎనబై చేసినాను."

అతని మొకం తెల్లబోయింది. బాలింతని, పిల్లని, మిగతా ఆడోళ్లని దూరంగా చెట్లకింద కూర్చోబెట్టించినాను. చక్రానికి ఎదురుగా కాదు, ఒక పక్కగా మోకాళ్ల మీద కూర్చున్నాను. ఇది మీరు గుర్తుంచుకోండి, పగిలితే ముందుకి కొడుతాది. రబ్బరు కాలిన వాసన. వాల్వు టోపీ చేతికి చుర్రుమంది. పిన్ను నొక్కినాను. బుస్సు! ఆపినాను. మళ్లీ నొక్కినాను. కొంచెం కొంచెంగా తీసినాను. వేడి మీద నలబైకి దించకూడదు, చల్లారితే మరీ తగ్గిపోద్ది. కాసింత ఎక్కువ ఉంచి, చల్లారినాక చూసుకోమన్నాను.

రెండో చక్రం చూసినాను. టైరు పక్క గోడ మీద నిమ్మకాయంత బొబ్బ లేచుంది. లోపలి దారాలు తెగిపోయి రబ్బరొక్కటే ఆపతంది. దాని గాలీ అలాగే దించి వేలుతో తాకితే మెత్తగా ఉంది. ఇంకెంత దూరం ఎల్లీదో నేను చెప్పలేను. సాలువాదాకా మాత్రం ఎల్లీది కాదు.

ముసలావిడని పిలిచినాను. "అమ్మా, ఇది చూడు. ఇది నేను చేసిందే. వాళ్ల నాలుగుని ఎనిమిది అనుకున్నాను. తప్పు నాది, డ్రైవరుది కాదు. ఇప్పుడు తిట్టు."

ఆవిడ వంగి బొబ్బ చూసింది. దాని పైనే బెంచీ ఉంది. బెంచీ మీద పిల్ల గుడ్డ ఇంకా పరిచే ఉంది. ఆవిడ దాన్ని తీసి మడతపెట్టింది. హరేన్ మాత్రం బెంగాలీలో నన్నూ, నా కంప్రెసరునీ, నా మిస్త్రీనీ, వాళ్ల ఏడు తరాలనీ తిట్టినాడు. తిడుతూనే జాకీ తీసినాడు. ఇద్దరం కలిసి స్టెప్నీ వేసినాం.

తరవాతరోజు మిస్త్రీ నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. గోడ మీద మన అంకెలు ఒక వరస, బెంగాలీ అంకెలు ఒక వరస రాయించినాడు. "చెవిలో ఠింగుమన్నది విననోళ్లకి గోడ మీద రాస్తే ఏటి లాభం," అని గొణిగినాడు. అది నిజం. రాత తప్పు చదవడం చిన్న తప్పు. చెవి చెప్తంటే వినకపోవడం పెద్ద తప్పు. యంత్రమైనా, గేజీ అయినా, మీ పసుపు దీపమైనా చెప్పే మాట ఒక్కటే చెప్తాది. మీ చెవులూ చేతులూ ఇంకోటి చెప్తే ఆగండి. నోరు తెరిచి అడగండి. ఒక్క కేక ఖర్చు.

ఇక ఆ రోడ్డు మీద మిగిలింది చెప్తాను. అందరూ ఎక్కినారు. హరేన్ ఇంజను స్టార్టు చేసినాడు. ముసలావిడ మళ్లీ కాలరు పట్టుకుంది.

"ఉండు. ఒకసారి ఆగినాక మంచి ఎదురు లేకుండా కదలకూడదు."

రోడ్డు చూసినాం. మిట్టమధ్యాహ్నం. మనిషి లేడు, పశువు లేదు. అయిదు నిమిషాలైంది. పిల్ల ఏడుపందుకుంది. ఎండకి దాని మొకం ఎర్రబడింది. ముసలావిడ రోడ్డు వైపు చూసింది, పిల్ల వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది.

"ఓలమ్మీ. నువ్వే రా ఎదురు."

"నేనేటమ్మా? నాకు మొగుడు లేడు గదా."

"నాకు కళ్లు లేవేటి? ఇందాక నువ్వెదురొస్తేనే గదా బండి ఆగింది, పిల్ల మిగిలింది. అదిగో, ఆ మలుపుకాడికెల్లి, అక్కడినుంచి నడిసి రా. నవ్వుతూ రా. బేగి!"

మలుపుదాకా ఎల్లినాను. తిరిగినాను. చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి, చీర అంచు చిరిగిపోయింది, చెప్పులెక్కడ పడిపోయినాయో తెల్దు. రోడ్డు నడిమధ్యన, జీపుకెదురుగా, నవ్వుతూ నడిచినాను.

జీపు కదిలింది.